బడి సంవత్సరాంతము: ఊరి పెద్దల కర్తవ్యము



మన పల్లెలలో ఏడు తిరిగివచ్చు వేళకు లెక్కలు చూచుకొను ఆచారము కలదు. పంట ఇంటికి చేరిన పిదప ఎన్ని బస్తాలు పండినవి, ఎరువుల కెంత పోయినది, కూళ్ల కెంత పోయినది, అప్పెంత తీరినది, తుదకు మిగిలినదెంత యని రైతు అరుగుమీద కూర్చుండి తేల్చుకొనును. సరిగా ఆ వేళకే ఊరిలో మరియొక సంవత్సరము కూడ ముగియుచుండును. అది బడి సంవత్సరము. దాని రాబడి గాదెలో కనబడదు, కాటా కెక్కదు. కావున దాని లెక్క చూచువారు తక్కువ. ఆ లెక్క ఎట్లు చూడవలెనో, అందు ఊరి పెద్దలు చేయదగిన పని యేమో ఈ సాయంకాలము మీతో మనవి చేసెదను.

నేను చెప్పబోవునది ముఖ్యముగా ప్రాథమికోన్నత పాఠశాలను గురించి, అనగా 6, 7, 8 తరగతులను గురించి. చిన్న తరగతుల పిల్లవాడు ఇంట నుండిన అల్లరి చేయును గనుక తల్లియే బడికి పంపును. పదవ తరగతి పిల్లవానికి పబ్లిక్ పరీక్ష యున్నది గనుక ఇంటిల్లిపాదియు కనిపెట్టి యుందురు. నడుమనున్న ఈ మూడేండ్లే ఎవరి కంటికిని ఆనని కాలము. 11 ఏండ్లు మొదలు 14 ఏండ్ల వరకు బిడ్డ పని చేయగల వయస్సునకు వచ్చుచుండును. పనికి పిలుచువారును అప్పుడే వత్తురు.

ఇది నేడు పుట్టిన చిక్కు కాదు. సుమారు 200 ఏండ్ల క్రిందట, 1822లో, చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో తన పాలనలోని జిల్లాలలో బడులెన్ని కలవో, చదువుకొనువా రెందరో విచారణ చేయించెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో తన జిల్లాయందు 533 బడులున్నవనియు, చదువుకొనువారు 6,641 మందియే యనియు వ్రాసెను. జిల్లా జనసంఖ్య అప్పటికే తొమ్మిది లక్షలు దాటియుండెను. నేటి అనంతపురము సీమ ఆనాడు ఆ జిల్లాలోనిదే. సామాన్య గృహస్థులకు బడి ఖర్చు భరించు శక్తి లేదనియు, పిల్లల కాలుసేతులు ఏ చిన్న పనికైన అక్కరకు వచ్చినంతనే తలిదండ్రులకు వారి కష్టము అవసరమగుచున్నదనియు ఆయన చెప్పిన కారణముల సారము. నాటికిని నేటికిని బడి ఖర్చు తగ్గినది. సర్కారు బడిలో జీతము లేదు. పుస్తకములును మధ్యాహ్న భోజనమును సర్కారువారే ఇచ్చుచున్నారు. రెండవ కారణము మాత్రము పూర్తిగా పోలేదు.

చట్టము తన పని తాను చేసినది. 14 ఏండ్ల వరకు పిల్లలందరికిని ఉచిత నిర్బంధ విద్య పదేండ్లలోపల సమకూర్ప యత్నింపవలెనని 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము నిర్దేశించెను. పదేండ్లు గడచి మరి మూడు పదులు గడచినను అది పూర్తి కాలేదు. 1993లో ఉన్నికృష్ణన్‌కును ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకును నడుమ జరిగిన వ్యాజ్యములో, 14 ఏండ్ల వరకు చదువు బిడ్డ యొక్క ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2002లో రాజ్యాంగమును సవరించి ఆ హక్కును అందు చేర్చిరి. 2009లో విద్యాహక్కు చట్టము పుట్టి, 2010 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. అయితే చట్టము ఢిల్లీలో ఉండును, బిడ్డ మన వీధిలో ఉండును. ఈ రెంటికిని నడుమ నున్నవారు ఊరి పెద్దలు.

ఇక లెక్కకు వత్తము. ఆ చట్టము ప్రకారము 6, 7, 8 తరగతులకు ఏటికి 220 పనిదినములు, 1,000 గంటల బోధన జరుగవలెను. ఈ అంకెలు జ్ఞాపకముంచుకొనుడు. 220 దినములలో 22 దినములు బిడ్డ బడికి పోకున్న చదువులో పదవపాలు పోయినట్లే. పదవపాలు పంట పురుగు తిన్నదనిన మనకు నిద్ర పట్టదు. మరి ఈ 22 దినములు ఎట్లు పోవునో చూడుడు. నెలకు రెండుసార్లు సంతకో, బంధువుల యింటికో, పసిబిడ్డను కనిపెట్టుటకో నిలిపివేసిన చాలు, పది నెలలలో 20 దినములు కరగిపోవును. ఎవరును దానిని గమనింపరు.

అసలు ముప్పు ఏటి చివర వచ్చును. గుంటూరు, పల్నాడు, ప్రకాశము, ఖమ్మము సీమలలో మిరప కోతలు ఫిబ్రవరి, మార్చి నెలలలో ముమ్మరముగా సాగును. కర్నూలు పడమటి మండలములనుండి కుటుంబములకు కుటుంబములే కోతలకు వలస పోవును. మన్యములో విప్పపువ్వు రాలు కాలమును, తునికాకు కోయు కాలమును మార్చి మొదలు మే వరకు నడచును. ఉగాదియు శ్రీరామనవమియు అప్పుడే వచ్చును. అనేక గ్రామములలో జాతరలు, కొలువులు అప్పుడే జరుగును. వార్షిక పరీక్షలును అప్పుడే. పొలము పంచాంగమొకటి, బడి పంచాంగమొకటి. రెండును ఏప్రిల్ నెలలో ఒకదానితో నొకటి ఢీకొనును. అప్పుడు ఓడిపోవునది ఎల్లప్పుడును బడియే.

దీనికి ఉపాయము లేకపోలేదు. విద్యాశాఖవారు ఏటి పరీక్షల తేదీలను, సెలవులను చూపు క్యాలెండరును ముందుగనే ప్రకటింతురు. దాని ప్రతి నొకదానిని గ్రామ పంచాయతీ కార్యాలయమునను, రచ్చబండ యొద్దను అంటింపించుడు. జాతర తేదీ నిర్ణయించునప్పుడు, వీలున్నంతవరకు ఆ పట్టికను చూచి నిర్ణయించుడు. తిథినిబట్టి తప్పనిసరియైన పండుగయైనచో, పరీక్షలు జరుగు దినములలో రాత్రి పది గంటల తరువాత మైకు మ్రోగకుండ చూచుట పెద్దల చేతిలోని పనియే. అమ్మవారికి భక్తి చాలును. మైకు అక్కరలేదు. కూలికి పిలుచు మేస్త్రీతోను, తోట యజమానితోను ఒక మాట చెప్పుడు: బడి యీడు పిల్లలను ఈ యూరి చేలలో కోతకు దింపరాదని. 14 ఏండ్ల లోపు బిడ్డను కూలికి పెట్టుకొనుట 2016లో సవరించిన చట్టము ప్రకారము నేరము. బడి విడిచిన పిదపను, సెలవులలోను తన ఇంటివారికి చేదోడుగా నుండుటకు అది అనుమతించుచున్నది.

వలసపోవు కుటుంబముల మాట వేరు. వారిని ఆపుట మనకు సాధ్యము కాదు. బిడ్డలను నిలుపుటకు దారి యున్నది. సమగ్ర శిక్షా పథకము క్రింద వలసకాలమున పిల్లలకు వసతి, భోజనము ఏర్పరచు సీజనల్ హాస్టళ్లు నడపుటకు వీలు కలదు. అయితే వలస వెళ్లిన తరువాత అడిగిన లాభము లేదు. దీపావళి లోపలనే పోవువారి పేర్లు వ్రాసి, ప్రధానోపాధ్యాయుని ద్వారా మండల విద్యాధికారికి అర్జీ పంపవలెను.

మార్చి నడుమనుండి ఎండల కారణమున ఒంటిపూట బడులు మొదలగును. చాలమంది తలిదండ్రులు ఒంటిపూట బడి యనిన సగము బడి యని భావించి, ఆ నెలలో పిల్లలను నిలిపివేయుచుందురు. ఇది పొరపాటు. ఉదయము 8 గంటల ప్రాంతమున మొదలై మధ్యాహ్నము 12½ గంటలకు ముగియు బడిలో నాలుగున్నర గంటలు గడచును. 1,000 గంటలను 220 దినములకు పంచిచూడుడు. దినమునకు వచ్చునదియు ఇంచుమించుగ అంతే. కావున ఒంటిపూట బడి సగము కాదు, నిండు బడియే. పైగా ఏటి పాఠములన్నియు తిరుగవేయు కాలమది. బిడ్డ ఆ నెల పోకున్న, తొమ్మిది నెలలు దున్ని విత్తినవాడు కోతనాడు చేనికి పోనట్లుండును.

ఇప్పుడు వార్షికోత్సవమును గురించి కొంచెము. పూర్వము వీధిబడులలో దసరా వచ్చిన, పిల్లలు పూలతో అలంకరించిన విల్లంబులు చేతబట్టి, పంతులుగారి వెంట ఇంటింటికి పోయి పద్యములు చదివెడివారు. గృహస్థులు పిల్లలకు పప్పుబెల్లములు, పంతులుగారికి సంభావన ఇచ్చెడివారు. అందలి మేలు కేవలము పప్పుబెల్లములు కావు. ఏ బిడ్డకు ఎంత చదువు వచ్చినదో ఊరంతయు చెవులార వినెడిది. నేటి వార్షికోత్సవములో ఆ మేలు తరుగుచున్నది. పెద్దల ఉపన్యాసములు రెండు గంటలు సాగును. పిల్లలు ముఖములకు రంగులతో రాత్రి పది గంటల వరకు కునికిపాట్లు పడుచుందురు. తుదకు సినిమా పాటకు నాలుగు గంతులు వేసి దిగుదురు. దుస్తులకు ఇంత యని వసూలు చేసినచో బీదయింటి బాలిక ఆనాడు బడికే రాదు.

ఉత్సవము వలదని నేననను. అది ఉండవలెను. పిల్లలు ఏడాదికొక్కసారి ఊరి యెదుట నిలుచు దినమది. అయితే నాలుగు మాటలు మనవి చేసెదను. ఒంటిపూట బడులు మొదలుకాకమునుపే, పరీక్షలకు నెల ముందుగానే దానిని జరుపుడు. ఫిబ్రవరి 28వ తేదీ అనుకూలమైనది. సర్ సి. వి. రామన్ 1928లో తన వెలుగు పరిశోధనను వెల్లడించిన ఆ దినమును దేశమంతట సైన్సు దినోత్సవముగా జరుపుచున్నారు. సాయంకాలము ఐదింటికి మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగింపుడు. పద్యములు చదివింపుడు, నోటిలెక్కలు చెప్పింపుడు, కోలాటము, బుర్రకథ పెట్టింపుడు. పిల్లలే పంతుళ్లయి పాఠము చెప్పు స్వపరిపాలన దినమును ఆనాటి పగలే జరిపిన తలిదండ్రులు చూచి సంతసింతురు. బహుమతులు మొదటి మార్కువానికే కాక, ఒక్క దినమైన మానని బిడ్డకొకటి, గడచిన యేటికన్న ఎక్కువ మెరుగుపడిన బిడ్డకొకటి ఇప్పించుడు. ఆ ఖర్చు ఊరిలో నలుగురు పెద్దలు పంచుకొనిన ఎవరికిని బరువు కాదు.

పరీక్షలు ముగిసిన పిదప ప్రోగ్రెసు కార్డు ఇంటికి వచ్చును. తండ్రి దానిని తిరుగవేసి సంతకము పెట్టును, లేదా వ్రేలిముద్ర వేయును. అంతటితో సరి. ఆ కార్డును చదువుట యెట్లో తెలిసినవారు ఊరిలో నలుగురుండిన మేలు. మొట్టమొదట మార్కులను చూడకుడు, హాజరును చూడుడు. హాజరు తగ్గినచోట మార్కులు తగ్గుట వింత కాదు. దానికి బిడ్డను తిట్టుట న్యాయము కాదు. రెండవది, పక్కింటివాని మార్కులతో పోల్చకుడు. బిడ్డ మొదటి పరీక్ష మార్కులతో చివరి పరీక్ష మార్కులను పోల్చుడు. పెరుగుచున్నదా, తరుగుచున్నదా? మూడవది, ఏ ఒక్క విషయములో మాత్రము వెనుకబడినదో చూచి, ఆ విషయము చెప్పు ఉపాధ్యాయునితో మాటలాడుడు. నాలుగవది, కార్డును ప్రక్కను బెట్టి బిడ్డను పిలిచి, రెండవ తరగతి పుస్తకములో ఒక పుట బిగ్గరగా చదువుమనుడు. తరువాత మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగింపుమనుడు. 2005 మొదలుగా మన దేశపు పల్లెలలో ఇల్లిల్లు తిరిగి పిల్లల చదువును పరీక్షించు అసర్ సర్వేవారు వాడు కొలతలు ఇంచుమించుగ ఇవియే. ఎనిమిదవ తరగతి బిడ్డ ఈ రెంటిలో తొట్రుపడినయెడల, కార్డులో ఏ అక్షరము వేసియున్నను, వేసవిలో ఆ బిడ్డకు సాయము కావలెనని తెలిసికొనవలెను.

తరగతి తప్పించుటను గురించియు జనులలో అపోహలు కలవు. 2009 చట్టము మొదట ఎనిమిదవ తరగతి ముగియువరకు ఎవరిని తప్పింపరాదనెను. 2019లో దానిని సవరించిరి. ఆ సవరణ ప్రకారము 5, 8 తరగతుల చివర పరీక్ష జరుగవలెను. తప్పిన బిడ్డకు మరల బోధించి, ఫలితములు వెలువడిన రెండు నెలల లోపల మరల పరీక్ష పెట్టవలెను. అప్పటికిని తప్పినచో నిలుపుటయో, పై తరగతికి పంపుటయో ఆయా ప్రభుత్వముల నిర్ణయము. ఎట్లైనను, చదువు రాలేదని బిడ్డను బడినుండి వెళ్లగొట్టు అధికారము ఎవరికిని లేదు. బిడ్డ తప్పినదని విని తండ్రి విసుగుతో పనిలో పెట్టినయెడల, ఆ తండ్రి యొద్దకు పోయి ఈ సంగతి చెప్పవలసినవారు మీరే.

ఏడవ తరగతి మార్కులకు మరియొక విలువ కలదు. నేషనల్ మీన్స్ కం మెరిట్ స్కాలర్‌షిప్ అనునది ఎనిమిదవ తరగతిలో పరీక్ష వ్రాసి గెలుచుకొనునది. సర్కారు, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడులలో చదువు పిల్లలకు అది చెందును. కుటుంబ ఆదాయము ఏటికి 3,50,000 రూపాయలకు మించరాదు. గెలిచిన బిడ్డకు 9వ తరగతి మొదలు 12వ తరగతి వరకు ఏటికి 12,000 రూపాయలు వచ్చును. ఆ పరీక్షకు కూర్చుండవలెనన్న ఏడవ తరగతిలో నూటికి 55 మార్కులు రావలెను. షెడ్యూల్డు కులములకు, తెగలకు 50 చాలును. కాబట్టి ఏడవ తరగతి వార్షిక పరీక్ష దినములలో బిడ్డను మిరప చేనికి పంపి తెచ్చుకొను కూలి ఎంత, పోగొట్టుకొనునది ఎంత యని లెక్కవేసి చూచుకొనుడు.

ఇప్పుడు నా మనవిలో ముఖ్యమైన భాగము. ప్రాథమికోన్నత పాఠశాల ఎనిమిదవ తరగతితో ముగియును. తొమ్మిదవ తరగతి హైస్కూలులో. అది పొరుగూరిలోనో మండల కేంద్రములోనో ఉండును. బడి సంవత్సరము ఏప్రిల్ 23 ప్రాంతమున ముగిసి, జూన్ 12 ప్రాంతమున మరల మొదలగును. ఈ ఏడు వారముల సందులోనే పిల్లలు జారిపోవుదురు. బడి తెరచునది మృగశిర కార్తె ప్రవేశించిన నాలుగైదు దినములకు. ఏరువాక సాగు వేళ అది. ఇంట చేతులు చాలవు. మగపిల్లవాడు అరక వెంబడి పోవును. ఆడపిల్లకు వైశాఖ జ్యేష్ఠములలో పెండ్లి మాటలు మొదలగును. ఆ బిడ్డ మానివేసినదని వ్రాయుటకు పాత బడిలో పేరు లేదు, క్రొత్త బడిలో ఇంకను చేరలేదు. రెండు రిజిస్టర్లలోను లేని బిడ్డను వెదకు దిక్కెవరు?

కావున వేసవి సెలవులకు ముందు జరుగు వీడ్కోలు సభనాడు, ప్రధానోపాధ్యాయుని అడిగి ఎనిమిదవ తరగతి పిల్లల పేర్ల పట్టిక నొకటి తీసికొనుడు. ఇరువదియో ముప్పదియో పేర్లుండును. ప్రతి పేరునకు ఎదురుగ, చేరబోవు హైస్కూలు పేరు వ్రాయుడు. జూన్ నెలాఖరులో మరల చూచి, చేరినవారికి గురుతు పెట్టుడు. గురుతు లేని పేరు గల ఇంటికి ఇద్దరు పెద్దలు నడచిపోవుడు. ఈ పనికి డబ్బు అక్కరలేదు, సర్కారు ఉత్తరువు అక్కరలేదు.

పోయినచోట వినబడు సాకులకు సమాధానములు చెప్పెదను. టీసీ ఇంకను ఇయ్యలేదందురు. ప్రధానోపాధ్యాయుని అడిగి వెంటనే టీసీ ఇప్పించుడు.  హైస్కూలు దూరమందురు. తెలంగాణములో 2023 డిసెంబరు మొదలుగను, ఆంధ్రప్రదేశములో 2025 ఆగస్టు మొదలుగను పల్లెవెలుగు బస్సులలో బాలికలకు చార్జీ లేదు. బస్సు వేళ బడి వేళకు కుదరకున్న, సర్పంచియు పెద్దలును సంతకములు చేసి డిపో మేనేజరుకు అర్జీ పెట్టుకొనవచ్చును. ఆడపిల్లను ఒంటరిగా పంపుట భయమందురు. నలుగురైదుగురు బాలికలను ఒక జట్టుగ పంపుడు. లేనియెడల 2004లో ఆరంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయములలో వసతితో చదువు కలదు. పెండ్లి కుదిరినదందురు. 2006 నాటి చట్టము ప్రకారము 18 ఏండ్లు నిండని బాలికకు పెండ్లి చేయుట నేరము. మంచిమాటకు విననిచోట 1098 అను నెంబరుకు ఫోను చేయవచ్చును. కాని పెద్దల మాటతోనే సరిపడిన, అందరికిని గౌరవము.

పాఠశాల యాజమాన్య కమిటీ యనునది ప్రతి సర్కారు బడికిని ఉండవలెను. అందు నాలుగింట మూడు పాళ్లు తలిదండ్రులే, సగము మంది స్త్రీలే యుండవలెనని చట్టము. ఏటి చివర ఆ కమిటీ సమావేశమును మొక్కుబడిగ కాక నిజముగ జరిపించుడు. ఈ యేడు ఎన్ని దినములు బడి నడచినది, ఉపాధ్యాయులెందరు, ఏ విషయమునకు ఉపాధ్యాయుడు లేడు, మరుగుదొడ్లకు నీరున్నదా యని అడుగుడు. పంతుళ్లను నిలదీయుటకు కాదు. వారికి పైవారితో చెప్పించుకొను బలము మీ సంతకమున కలదు.

వేసవిలో మధ్యాహ్నము రెండు గంటలు, రామాలయపు పంచలోనో గ్రంథాలయములోనో పిల్లలను కూర్చుండబెట్టి చదివించుటకు ఊరిలో డిగ్రీ చదివిన యువకు లుందురు. మీరు అడిగిన వారు కాదనరు. పత్రిక బిగ్గరగా చదివింపుడు, మీ ఇంటి జమాఖర్చులే లెక్కలుగా ఇచ్చి చేయింపుడు.

ఈ యేటి పంట లెక్క చూచుకొనునాడు, ఆ పద్దుపుస్తకములోనే ఎనిమిదవ తరగతి పిల్లల పేర్లకు ఒక పుట విడువుడని నా ప్రార్థన.